మీ విన్నపం అందింది

కర్నూలులో కంప్యూటర్ పాఠాలు చెప్పే రెజీనా, రక్తదాతల సంఘానికి ఉచితంగా ఒక వెబ్‌సైటు చేసిపెట్టింది. రక్తం కావలసినవాళ్ళు అందులో పేరు, గ్రూపు, ఫోను నంబరు నింపి పంపితే, ఆమె రాసిన స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, వాటిని మెయిలుగా సంఘం నడిపే సుందరం సారుకు చేరవేయాలి. పంపినవాళ్ళకు తెరమీద "మీ విన్నపం అందింది. మేమే ఫోన్ చేస్తాం" అని కనిపించేది. ఆ సైటు చూసి నలుగురూ మెచ్చుకుంటే రెజీనా పొంగిపోయింది.

2007 వేసవిలో ఒకనాడు సుందరం సారు, కోడుమూరు రైతు సోమన్నను వెంటబెట్టుకొని ఆమె దగ్గరికి వచ్చాడు.

"పోయిన నెల నా బిడ్డకు కాన్పు కష్టమై రక్తం కావాలన్నారు మేడం," అన్నాడు సోమన్న. "ఇంటర్నెట్ సెంటర్ ఆయప్పతో మీ దాంట్లో రాయించినా. అందింది అని వచ్చినాది. ఇంగ యాడికీ పోకుండా పొద్దంతా ఫోను కాడే కూర్చుంటి. ఎవురూ చేయలేదు."

"బిడ్డ ఎట్లుంది?" అడిగింది రెజీనా.

"బతికింది. ఆస్పత్రి కాడ ఎవురో లారీ డ్రైవరు రక్తమిచ్చినాడు. ఆయప్ప రాకుంటే..." అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నాకు రెండు నెలలుగా ఒక్క మెయిలూ రాలేదమ్మా," అన్నాడు సుందరం. "ఎవరికీ అవసరం పడలేదేమో అనుకుంటి."

"సర్వర్ వాళ్ళ తప్పు సార్," అనేసింది రెజీనా.

వాళ్ళ ముందే ఫారం నింపి పంపింది. "అందింది" అని వచ్చింది. సుందరం సారుకు మెయిలు మాత్రం రాలేదు. సైటును తమ సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేసింది.

"సర్వర్ మార్చాం మేడం. పాస్‌వర్డ్ ఇవ్వని స్క్రిప్టుల నుంచి ఇకమీద మెయిళ్ళు పోవని ముందే మీకు రాశాం," అన్నాడు అవతలివాడు.

వెతికితే ఆ ఉత్తరం ఆమె మెయిల్లోనే ఉంది. చదివింది కూడా. తర్వాత చూద్దాంలే అనుకుని మరిచిపోయింది.

స్క్రిప్టు తెరిచింది. సైటును నలుగురికీ చూపించేటప్పుడు ఏదైనా పనిచేయక ఇంగ్లీషులో ఎర్రర్ మెసేజీలు వస్తే పరువు పోతుందని, అవి తెరమీద కనబడకుండా తనే అణచిపెట్టింది. మెయిలు పోయిందో లేదో చూడకుండానే "అందింది" అని చెప్పించింది. సర్వర్ లాగ్‌లో, అంటే అది రాసిపెట్టుకునే చిట్టాలో, వెతికితే ఆ రెండు నెలల్లో ఫారం పంపినవాళ్ళు పద్నాలుగు మంది అని తేలింది. తేదీ, సమయం మాత్రమే ఉన్నాయి. పేర్లూ నంబర్లూ ఎక్కడా దాచలేదు. ఒక్కరికైనా ఫోన్ చేద్దామన్నా దారి లేదు.

రెజీనా కుర్చీ వాళ్ళ వైపు తిప్పింది. 

"వాళ్ళ తప్పు కాదు సార్, నాదే. నిన్నూ నేనే మోసం చేసినానన్నా," అంది సోమన్నతో.

 సోమన్న తువ్వాలు భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఆ రోజే స్క్రిప్టు సరిచేసింది. మెయిలు పోకపోతే పోలేదనే చెప్పేట్టు, నింపిన వివరాలు సర్వర్‌లోనే నిలిచేట్టు మార్చింది. మొదటి పేజీలో జరిగింది రాసి, ఆ రెండు నెలల్లో రక్తం అడిగినవాళ్ళను క్షమాపణ కోరి, తన ఫోను నంబరు పెట్టింది.

వారంలో రెండు ఫోన్లు వచ్చాయి. నందికొట్కూరు నుంచి చేసినాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. రెజీనా మాట తుంచకుండా విన్నది.

రెండో ఫోనులో ఎవరో ఆడమనిషి. "మీరు రాసింది చూసినాం మేడం. అప్పుడు రక్తం అడిగినోళ్ళలో మేమూ ఉన్నాం. ఇప్పుడు మాకు అవసరం లేదు," అని మెల్లగా చెప్పి పెట్టేసింది.

ఎందుకు అవసరం లేదో అడిగే ధైర్యం రెజీనాకు చాలలేదు.