కాకిబంగారం పలక

లండన్‌లో రెండు రోజులుండి లండన్ చూడకుండా పోయినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? మన రంగనాయకులు అలాంటి ఘనుడు. సర్కారు స్కాలర్‌షిప్ మీద లీడ్స్‌లో రెండేళ్లు ఇంజనీరింగ్ చదివాడు. చేతిలో చిల్లర ఆడక అన్నాళ్లూ ఆ మహానగరం వైపు తొంగి చూడలేదు. చదువు ముగిసింది. సోమవారం పొద్దున్నే ఓడ. దానికి ముందు శనివారం, ఆదివారం అతనివి. ఆ రెండు రోజుల్లో రాణిగారి మేడలూ గడియార స్తంభాలూ అతనికి అక్కర్లేదు. ఒక్క మ్యూజియంలో ఒక్క రాయి చూస్తే చాలు.

రాయి సంగతేమిటంటే, అతని నాయన ముత్యాలయ్య గూడూరు అవతల అభ్రకం గనిలో, ఊళ్లోవాళ్ల మాటల్లో కాకిబంగారం గనిలో, కూలీ. కత్తి పెట్టి పొరలు చీలుస్తాడు. పడుచువాడిగా ఉన్నప్పుడు ఒకసారి చేటంత పలక దొరికింది, మచ్చ లేదు, పగులు లేదు. గని దొర ముచ్చటపడి, దీన్ని లండన్ మ్యూజియంలో పెట్టిస్తానని పట్టుకుపోయాడు. అప్పట్నుంచీ ముత్యాలయ్య ఆ మాట చెప్పని రోజు లేదు, ఊరు నవ్వని రోజూ లేదు. మీ కాకిబంగారం ఇంగ్లీషు నేర్చిందా అని టీ అంగడి దగ్గర ఆటపట్టించేవాళ్లు. కొడుకు పై చదువుకు పోతుంటే ఆయన కోటు అడగలేదు, గడియారం అడగలేదు.

"చూసిరా నాయనా. ఉంటే ఉండాదని చెప్పు, లేకుంటే లేదని చెప్పు. దొర నాతో నిజం చెప్పినాడో లేదో తెలియాల నాకు," అన్నాడు.

శుక్రవారం సాయంత్రం తెలిసినవాళ్లిచ్చిన చిరునామా పట్టుకుని రంగనాయకులు దిగింది సంజీవరావు గదిలో. నెల్లూరు పక్క ముత్తుకూరు మనిషి, బోలెడు మాగాణి ఉన్న ఇంట్లో పుట్టి, ఇక్కడేదో కంపెనీలో గుమాస్తాగా ఒంటరిగా ఉంటున్నాడు. నెల్లూరు మాట చెవిన పడి ఎన్నాళ్లయిందోనని కుర్రవాణ్ణి వాటేసుకున్నంత పనిచేశాడు. కాఫీ ఇచ్చి, మీ నాయన ఏం చేస్తాడని అడిగాడు. గోడ మీద తలపాగా చుట్టుకున్న సంజీవరావు తాతగారి పటం, వెనకాల ధాన్యపు కొట్లు. రంగనాయకులుకి నాలుక అడ్డం తిరిగింది.

"అభ్రకం వ్యాపారం అన్నా," అన్నాడు.

అంతే, కొంప మునిగింది. అభ్రకం షావుకారు కొడుకు తన గదికి వచ్చాడని సంజీవరావుకి కాళ్లు నేల మీద ఆనలేదు. ఊరినుంచి తెచ్చుకుని జాడీలో దాచుకున్న చింతపండు బయటికొచ్చింది. తెల్లవారగానే చేపల మార్కెట్టుకి ఈడ్చుకుపోయాడు. ఈ చేపకు పులుసు అంటదని ఒకచోట, మొప్పలు చూడనివ్వలేదని మరోచోట పోట్లాడి, కొనేసరికి పొద్దెక్కింది. ఇంటికొచ్చి వండేసరికి మధ్యాహ్నం దాటింది. గదంతా ఘుమఘుమ. తీరా చూస్తే ఆ పూట తినడానికి లేదు. చేపల పులుసు వండిన పూట తినేవాడు నెల్లూరోడు కాడట, ఒక రాత్రి ఊరాలట. ఆ పూటకి పప్పూ అన్నమూ పెట్టాడు.

మ్యూజియానికి పోయొస్తానని రంగనాయకులు లేచాడు. సంజీవరావు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆడ ఏముండాది, చచ్చిన జంతువులకి గడ్డి కూరి నిలబెట్టింటారు, అన్నాడు. పోనీ ఒక్కణ్ణే పోతానంటే అదీ కుదరలేదు. అంతటి షావుకారు కొడుకుని వీధుల్లో ఒంటరిగా వదిలేశాడని తెలిస్తే ఊళ్లో తన పరువేం కావాలి? తానే బస్సెక్కించి, అదో వంతెన, అదో మేడ అని కిటికీలోంచి చూపించి, చలి ముదిరిందని వెనక్కి తీసుకొచ్చాడు. రంగనాయకులు పళ్లు కొరుక్కున్నాడు. ఎందుకు చూడాలో ఒక్క ముక్క చెప్తే తీరిపోయేది. చెప్పాలంటే నిన్నటి అబద్ధం ఒప్పుకోవాలి.

ఆదివారం పులుసు వడ్డించాడు. నిజం చెప్పొద్దూ, అమృతంలా ఉంది. అంత కోపంలోనూ రంగనాయకులు మారు వడ్డించుకున్నాడు. అందుకు తనమీద తనకే ఇంకా ఒళ్లు మండింది. తిన్నాక మళ్లీ లేచాడు. భుక్తాయాసంతో ఎక్కడికబ్బా, కాస్త నడుం వాల్చమని సంజీవరావు పక్క పరిచాడు. ఏం చెప్పి తప్పించుకోవాలో తోచక రంగనాయకులు పడుకున్నాడు, కళ్లు మూశాడు, లేచి కూర్చున్నాడు. కిటికీలో ఎండ పల్చబడుతోంది. ఇక ఆపుకోలేకపోయాడు.

"మాది వ్యాపారం కాదన్నా. మా నాయన గనిలో కూలీ. ఆయన తీసిన పలక ఆ మ్యూజియంలో ఉండాదంట. అది చూసేదానికే నేనొచ్చింది. నీ పులుసుకి కాదు."

సంజీవరావు చేతిలోని దుప్పటి మంచం మీద పడేశాడు. ముఖం చిన్నబోయింది. ఒక్క మాట తిట్టలేదు, గబగబా బూట్లు తొడుక్కున్నాడు.

"ముందే ఎందుకు చెప్పలా తమ్ముడా? నిన్న తెల్లారేసరికి నిన్ను ఆ గుమ్మంలో నిలబెట్టి ఉందునే."

ఇద్దరూ పరుగెత్తారు. ఆదివారం రైళ్లు అంత తొందరగా వస్తాయా? వచ్చిన రైలు ప్రతి స్టేషనులోనూ ఆగి నీలిగింది. మెట్లు ఎగబాకి మ్యూజియం ముందుకొచ్చేసరికి కాపలా మనిషి పెద్ద తలుపు మూస్తున్నాడు. సంజీవరావు తనకొచ్చిన ఇంగ్లీషంతా వాడి బతిమాలాడు. ఆ మనిషి మర్యాదగానే విని, రేపు పొద్దున రమ్మని తాళం వేసేశాడు. రేపు పొద్దున ఓడ. వచ్చే వారం తాను చూసి జాబు రాస్తానన్నాడు సంజీవరావు. రంగనాయకులు వద్దన్నాడు. తన నాయన రాయిని తనకంటే ముందు మరొకరు చూడటం అతనికి ఇష్టం లేకపోయింది.

గూడూరు స్టేషనులో ముత్యాలయ్య ఉతికిన పంచె కట్టుకుని నిలబడి ఉన్నాడు. కొడుకు దిగీ దిగకముందే అడిగాడు, చూసినావా అని. రంగనాయకులు ఓడలో అల్లుకున్న అబద్ధాలన్నీ ఆ ముఖం చూశాక మింగేసి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. పులుసు, పక్క, తలుపు, తాళం. ఆదివారం దాకా సంజీవరావుకి మన సంగతి చెప్పలేదని కూడా చెప్పాడు. వ్యాపారం అన్న మాట మాత్రం నోట రాలేదు.

ముత్యాలయ్య అంతా విన్నాడు.

"మరి ముందే ఎందుకు చెప్పలా?" అన్నాడు.

రంగనాయకులు ప్లాట్‌ఫారం గచ్చు వైపు చూశాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ముత్యాలయ్య కొడుకు కోటు చూశాడు, బూట్లు చూశాడు. మళ్లీ అడగలేదు. వంగి, పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. నేను మోస్తానని కొడుకు చెయ్యి చాపితే పక్కకి జరిగాడు.

"నాకు అలవాటేలే," అని ముందు నడిచాడు.