పుట్నాలు పెట్టిన చేను

మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, పొద్దున్నే మా పెద్దమామ పరశురాములు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోడ క్యాలెండర్‌ను గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకుని, మా చేనుగట్టు మీద నిలబడ్డాడు. మా మామ దుబాయిలో ఉంటాడు కాబట్టి, ఆయన అన్నగా మా ఇంటికి కూడా ఈయనే పెద్ద. ఆ సంగతి మేం మరిచిపోతామని భయం కాబోలు, రోజుకు రెండుసార్లు వచ్చి గుర్తుచేస్తాడు.

నాలుగేళ్లుగా మిరుగానికి సరైన వాన లేదు. నాలుగేళ్లూ ఆయన అదే రోజున పత్తి పెట్టించాడు. మాడిపోయాక మళ్లీ పెట్టించాడు. తప్పు వానదేనట. వానకు ఆయన క్యాలెండర్ అందలేదని నా అనుమానం.

నాకు పెళ్లయి ఇరవై మూడు రోజులు. మట్టెలు ఇంకా కొత్తవి, నడుస్తుంటే నేనే వంగి చూసుకుంటాను. ఈ ఇంట్లో కొత్తకోడలు మొదటి గింజ పెట్టాలి. పోయిన ఏడు పెద్దమామ కోడలు నవీనక్క పెట్టింది. మొలకలు మాడిపోయాయి. ఎండను ఏమీ అనలేక ఆమెను అన్నారు. 'ఎండ చెయ్యి' అని పేరు పెట్టారు. నా పెళ్లిలో తలంబ్రాల బియ్యం కలుపుదామని వస్తే, పెద్దమామ అందరి ముందూ ఆమెను పక్కకు జరిపాడు. నవీనక్క చేతులు కొంగులో దాచుకోవడం నేను పీటల మీద నుంచి చూశాను.

ముందురోజు సాయంత్రం పావుగంట చినుకు పడింది. మా ఆయన కొండల్ పారతో తవ్వి చూపించాడు. పైన రెండు వేళ్ల మందం తడి, కింద పొడి. గుప్పిట్లో పిసికితే ముద్ద కాలేదు, వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది.

"పెద్దబాపూ, జానెడు లోతు తడవాలె. ఇంక పది దినాలు వాన లేదంటుండ్రు" అన్నాడు.

"ఎవలంటుండ్రు? ఫోనా? మీ తాత ఫోన్ చూసి పెట్టిండార?"

"తాతప్పుడు మిరుగానికి వానొచ్చేది."

"గిప్పుడు గూడ వస్తది. జర లేటయితది, గంతే. వాన లేటయితే కానియ్యి, మనం లేటు గావద్దు!"

ఇంత తెలివిని తట్టుకుని ఈ కుటుంబం ఎలా బతికిందో నాకు అర్థం కాదు.

మేం కొన్న రకం ఆదిలాబాద్ దుకాణాల్లో అయిపోయింది. ఇంట్లో డబ్బాలో ఉన్న నాలుగు ప్యాకెట్లు మాడితే ఇక ఆ గింజ లేదు. పైగా నాకూ ఒక పేరు పెడతారు. అందుకని ముందురోజే నేనూ కొండల్ ఒక పని చేశాం. పుట్నాలకు కుంకుమ నీళ్లు పట్టించి ఆరబెట్టాం. అసలు విత్తనాలకు ఎర్ర మందు పూసి ఉంటుంది కదా, దూరం నుంచి తేడా తెలియదు. పెద్దమామకు దగ్గర నుంచి కూడా తెలియదు. అద్దాలు పెట్టుకుంటే ఇజ్జత్ పోతుందని పెట్టుకోడు.

మొదటి సాలు నేను పుట్నాలతో పెట్టాను. ఆయన గట్టు మీద నుంచి క్యాలెండర్‌తో దారి చూపించాడు.

"మిగిలింది మేమిద్దరమే పెట్టుకుంటం" అన్నాడు కొండల్. మా అత్తమ్మ భూమవ్వ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొత్త జంట అని ఎవరూ ఇటు రాలేదు. నాలుగు పొద్దులు తునికి చెట్టు కింద కూర్చుని మిగిలిన పుట్నాలు తిన్నాం. పెదాలు ఎర్రగా అయితే కొండల్ తువాలతో తుడిచేవాడు. పెద్దమామ చేనులో మాత్రం పదిహేనుమంది ఆడవాళ్లు ఎండలో వంగి నిజం గింజలు పెడుతున్నారు.

ఐదో రోజు ఆయన మా చేనుకు వచ్చి మొదటి సాలులో వేలితో తవ్వాడు. ఉబ్బిన పుట్నం ఒకటి దొరికింది. అరచేతిలో పెట్టుకుని, చెయ్యి చాచి, కళ్లు చికిలించి చూశాడు.

"సూసినవా! ఇగ రేపోమాపో మొలక!"

దాన్ని ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు. కింద ఒక పాఠం కూడా: రేపోమాపో మొలక, మిరుగాన్ని నమ్మినోడే రైతు. నేను ఇంట్లోకి పరుగెత్తి దిండులో మొహం పెట్టుకుని నవ్వాను.

వారం తిరిగేసరికి ఆయన చేను మొలిచింది, ఆ వెంటనే మాడింది. ఊరంతా అదే కథ. మా చేనులో ఏమీ మొలవలేదు. దానికీ ఆయన దగ్గర వివరం ఉంది.

"దీపిక చెయ్యి సల్లటి చెయ్యి. గింజ తెలివితోని లోపలనే ఆగింది."

మిరుగం పోయి ఆరుద్ర వచ్చాక అసలు వాన పడింది. రెండు రోజులు కుండపోత. కొండల్ తవ్వితే జానెడు కింద కూడా మట్టి ముద్దయింది. అందరం విత్తనాలు పట్టుకుని చేలల్లోకి వెళ్లాం. పెద్దమామ తన చేనులో మళ్లీ పెట్టించడానికి ఆడవాళ్లను వెంటబెట్టుకుని మా గట్టు మీదికి వచ్చాడు.

"నా చేనుల గూడ మొదలు దీపిక పెడ్తది. ఓ నవీనా, నువ్వు జర దూరం నిలబడు."

నవీనక్క చేతులు కొంగులోకి పోయాయి.

కొండల్ నా మోచెయ్యి గిల్లాడు, ఊరుకోమని. ఊరుకుంటే చచ్చేదాకా నాది చల్లటి చెయ్యే. ఆ పేరు నాకు నవీనక్క కొంగు కింద నుంచి లాక్కొచ్చినట్టు అనిపించింది.

"పెద్దమామా, మీరు ఫొటో తీసింది పుట్నం" అన్నాను.

"ఏంది?"

"పుట్నం. నేను సగం పెట్టిన, సగం తిన్న. పత్తి గింజలు గిప్పటిదాంక డబ్బల్నే ఉన్నయి. నా చేతుల ఏం లేదు, అక్క చేతుల ఏం లేదు. అప్పుడు భూమిల తడి లేదు, గంతే."

ఆడవాళ్లలో ఒకామె, సక్కుబాయి, "పటేలా, రేపోమాపో మొలక అంటివి గదా! ఏం మొలుస్తది, లడ్డూనా?" అంది. పదిహేనుమందీ నడుములు పట్టుకుని నవ్వారు. పెద్దమామ ఫోన్ తీసి దేనికోసమో వెతకడం మొదలుపెట్టాడు. అద్దాలు లేక ఆ ఫొటో ఎక్కడుందో కూడా కనపడలేదు పాపం.

అత్తమ్మ నవ్వలేదు. "భూమితోని దొంగాటనానే?" అని నావైపు గట్టిగా చూసింది. తర్వాత నా చేతిలోని డబ్బా తీసుకుని, తిన్నగా నవీనక్క దగ్గరికి నడిచి, కొంగులోంచి ఆమె చెయ్యి బయటికి లాగి, అందులో గింజలు పోసింది.

"మా చేనుల నువ్వే పెట్టు బిడ్డా."

నవీనక్క వంగి మొదటి గింజ పెట్టింది, మట్టి కప్పింది. రెండోది పెట్టింది. సాలు సగం అయ్యాక తలెత్తకుండానే నన్ను అడిగింది.

"పుట్నాలు ఇంకేమన్న ఉన్నయా?"