ఖాళీ చేయని ఫ్లాటు

“వచ్చినామె ఏదడిగినా ‘ఇల్లు బంగారం’ అను. అంతకు మించి నోరు విప్పావో, నీ పద్దెనిమిది వేల డాలర్లకు నీళ్లొదులుకో,” అని మెట్ల దగ్గరే చెప్పాడు ఫ్లాటు యజమాని ఎలియోదోరో.

నివార్దా తలుపు తీసింది. రెండేళ్ల కిందట ఆ డాలర్లన్నీ ఒకేసారి అతని చేతిలో పెట్టి ఈ ఫ్లాటులో దిగింది. కొచబాంబా నగరంలో అదో పద్ధతి. నెలనెలా అద్దె ఉండదు, వెళ్లేనాడు సొమ్మంతా వెనక్కివ్వాలి. ఒప్పందం రిజిస్టరు చేయిస్తే రాని అద్దెను వచ్చినట్టు లెక్కగట్టి పన్ను వేస్తారని అతను ఏడ్చి, వెయ్యి డాలర్లు తగ్గించాడు. ఆమె సరేనంది. అక్కడే దెబ్బతింది. ఆ తర్వాత అతను ఈ ఫ్లాటునే బ్యాంకులో కుదువపెట్టి ఇంకోటి కొన్నాడు. అప్పు తీర్చలేదు. ఇప్పుడు బ్యాంకు దీన్ని వేలం వేయబోతోంది. వేలమైతే, రిజిస్టరులో పేరులేని నివార్దాకు చిల్లిగవ్వ రాదు. కొత్తగా దిగేవాళ్లు తెచ్చే డాలర్లే ఆమెకు దిక్కు.

ఆ కొత్తామె జుల్మా. స్పెయిన్‌లో ముసలివాళ్లకు సేవచేసి కూడబెట్టుకొచ్చింది. గడప దాటుతూనే ముక్కు చిట్లించింది.

“ఏంటమ్మా ఈ కంపు? పల్లీల సూపా?”

“నచ్చకపోతే ముక్కు మూసుకో.”

“నోరు బాగానే ఉందే! సరే, దీనికి చెప్పు. ఇంటి మీద అప్పులున్నాయా?”

“నా మాట మీద నమ్మకం లేదా, జుల్మా గారూ?” అన్నాడు ఎలియోదోరో.

“నిన్నడగలేదయ్యా.”

ఒక్క అబద్ధం చాలు, సాయంత్రానికి సొమ్ము చేతిలో పడుతుంది. ఎలియోదోరో పెంపుడు కుక్కను తట్టినట్టు నివార్దా భుజం తట్టాడు. “చెప్పవే, బంగారమని.”

ఆమె ఆ చేతిని విదిలించి కొట్టింది. “బ్యాంకులో కుదువ ఉంది. రిజిస్టరు లేకుండా డబ్బిచ్చావో, నాలాగే వీడి చుట్టూ తిరుగుతావు.”

జుల్మా ఆమెకు కృతజ్ఞతలేమీ చెప్పలేదు. “ఎంత అప్పు?” అని అతన్ని అడిగింది.

“ఇరవై వేలు,” గొణిగాడు.

“నేను తెచ్చిన ఇరవై వేలు నేరుగా బ్యాంకుకే కడతా. కుదువ తీరగానే నా పేరు రిజిస్టరులో ఎక్కాలి. పన్ను నీ ఖర్మ.”

అతని మొహం వెలిగింది. ఫ్లాటు దక్కుతుంది మరి.

“నా డబ్బో?” అంది నివార్దా.

“అది మీ ఇద్దరి గొడవ,” అంది జుల్మా.

“కోర్టుకు పో. తీర్పు నీ మనవలు వింటారు,” అని నవ్వాడతను.

ఇద్దరూ బయటికి నడిచారు. వెనక నివార్దా లోపల్నుంచి గడియ వేసింది.

“తెరువు! తలుపు పగలగొడతా!” అని అరిచాడు ఎలియోదోరో.

“ఆగవయ్యా, రేపు నేనుండాల్సిన ఇల్లది!” అని కసిరి, జుల్మా తలుపు దగ్గరికి వచ్చింది. “ఏయ్, ఏం కావాలి నీకు?”

“నా పద్దెనిమిది వేలు. అందాకా కదలను. పోలీసుల్ని పిలిస్తే వీడు ఇలాగే ఇచ్చిన ఐదు ఫ్లాట్ల సంగతీ పన్నులాఫీసులో చెబుతా. ఒక్క ఒప్పందమూ రిజిస్టరు కాలేదు.”

ఎలియోదోరో తలుపు మీంచి చెయ్యి తీసేశాడు.

“ఇతనుండే ఇంటి మీద అప్పుందా?” అని అడిగింది జుల్మా.

“లేదు. దాని జోలికి బ్యాంకును రానివ్వడు.”

“విన్నావటయ్యా, ఎలియోదోరో? ఆ ఇంటి మీద ఈమె పద్దెనిమిది వేలకు ఒప్పందం రిజిస్టరు చేసివ్వు. సొమ్ము తిరిగిచ్చేదాకా అందులో ఉంటుంది. నాకు ఈ ఫ్లాటు ఖాళీ కావాలి.”

“మరి నేనెక్కడుండాలి?”

“అద్దెకు.”

“నోటరీని ఇక్కడికే పిలవండి,” అంది లోపలి గొంతు. “సంతకమయ్యాకే గడియ తీస్తా.”

అతను కిందికి అడుగేయబోయాడు. జుల్మా అప్పటికే మెట్టు మీద, దారికి అడ్డంగా కూర్చుంది.

“ఫోను ఇక్కణ్ణుంచే చెయ్యి,” అంది.