పసుపు మీద నీలం

భర్త పాఠాలు చెప్పడానికి కాలేజీకి వెళ్లగానే గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని ఆమె చేసే మొదటి పని కంప్యూటర్లో అక్షరాలు మార్చుకోవడం. తెల్ల తెర తీసి లేత పసుపు పెట్టాలి. బూడిదరంగు అక్షరాల్ని ముదురు నీలం చేయాలి. పన్నెండు సైజును ఇరవై రెండుకు పెంచాలి. తన కళ్లకు ఏది ఆనుతుందో తేల్చుకోవడానికి ఆమెకు నెల పట్టింది. ఆయన చెరపడానికి క్షణం చాలు. రోజూ పొద్దున్నే తన పాఠ్యపుస్తకం రాసుకోవడానికి కూర్చోగానే అన్నీ వెనక్కి తిప్పేస్తాడు.

"ఇంతింత అక్షరాలేంటే, బస్సు బోర్డు రాస్తున్నావా?" అన్నాడు మొదట్లో. అలా వదిలేయమని అడిగితే, "మళ్లీ మార్చుకో. పది నిమిషాల పనేగా" అన్నాడు.

మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉండే కాగితాలకు ప్రూఫులు దిద్దడం ఆమె ఉద్యోగం. ఇంటి నుంచే. జీతం వచ్చే ఆ పని అయ్యాక, జీతం లేని ఆయన పుస్తకం ఉంటుంది. అది దిద్దేటప్పుడు తన మార్పుల్ని ఎర్రగా పెట్టుకుంటుంది, చివర్లో అన్నిటినీ నల్లగా మార్చి ఇస్తుంది. "దిద్దినట్టు తెలియకూడదు. పబ్లిషర్ ముందు బాగుండదు" అని ఆయన షరతు.

మంగళవారం అత్తగారిని పన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మందుల కాగితం పదకొండుకల్లా పంపాలి. ఆ పది నిమిషాలు లేవు. ఆయన అక్షరాల్లోనే, ముక్కు తెరకు ఆనించి చదివి పంపేసింది.

సాయంత్రం ఆఫీసు నుంచి సెక్షన్ మేడమ్ ఫోన్ చేసింది.

"ఏంటమ్మా ఇది? ఒకటిన్నర మిల్లీలీటర్లు కాస్తా పదిహేనైంది. చుక్క ఏది? పసిపిల్లల మందది. ప్రింటుకి వెళ్లకముందు నా కంటపడింది కాబట్టి సరిపోయింది. ఇంకోసారి ఇలా అయితే నీ పని వేరేవాళ్లకి ఇచ్చేస్తాను."

ఫోన్ పెట్టేశాక కూడా ఆమెకు ఆ చుక్కే కళ్లముందు మెదిలింది. ఏ ఇంట్లోనో ఒకామె చెంచాలో మందు పోస్తోంది. పదిహేను దాకా పోస్తోంది.

ఆయనతో చెప్పింది. ఆయన చొక్కా విప్పుతూ, "నా పుస్తకంలో కామా కూడా వదలవు, అక్కడ చుక్క వదిలేశావా? జీతమిచ్చే చోట శ్రద్ధ ఉండాలి" అన్నాడు.

ఆయన పుస్తకం ఆమె నీలం అక్షరాల్లోనే దిద్దింది. చుక్క తప్పిపోయింది ఆయన బూడిదరంగు అక్షరాల్లో.

మర్నాడు పసుపు తెర కోసం సెట్టింగులు తెరిచినప్పుడు, రోజూ దాటిపోయే వరుస ఒకటి కనిపించింది. కొత్త యూజర్. అంటే ఒకే కంప్యూటర్లో ఎవరి ఏర్పాట్లు వాళ్లకి. పేరు అడిగింది. తన పేరు కొట్టింది. పసుపు, నీలం, ఇరవై రెండు. ఇక వాటిని ఎవరూ తిప్పలేరు. మందుల కాగితం రెండుసార్లు చదివి పంపింది. తర్వాత ఆయన పుస్తకం ఆఖరి అధ్యాయం దిద్దింది. నల్లగా మార్చకుండానే పెన్‌డ్రైవ్‌లో వేసి ఆయన బల్ల మీద పెట్టింది.

పొద్దున్నే హాల్లోంచి కేక వినపడింది.

"ఏంటిది, ఇంత ఎర్రగా ఉంది? వచ్చి మార్చు. ఇవాళే పంపాలి."

ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "మీరే మార్చుకోండి. పది నిమిషాల పనేగా."

కుర్చీలో కూర్చున్న అత్తగారు బుగ్గ పట్టుకునే తెరవైపు మెడ సాచింది.

"ఆ ఎర్రవన్నీ ఏంట్రా?"

"తప్పులు దిద్దినవమ్మా."

"అబ్బో, ఇన్నా! ఎవరు దిద్దారు?"

ఆయన మౌస్ పట్టుకున్నాడు గానీ కదపలేదు.  

"నేనే, అత్తయ్యా" అంది. "మొదటి పేజీ నుంచీ."