ఇంటికొక చేయి

దేవకుమారి ఉల్లిపాయలు తరుగుతోంది. ఐర్లండ్‌లోని అత్లోన్‌లో, వాళ్ళ తెలుగు సంఘం ఆరాధనకు అద్దెకు తీసుకునే హాలు వంటగది అది. ఆరాధన అయ్యాక సంఘం కూటం పెట్టారు. మగవాళ్ళు కుర్చీలేసుకున్నారు. ఆడవాళ్ళు వంటగదిలోకి వచ్చారు. రమ్మని ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ చెప్పరు.

ఈ సంఘంలో ఓటుకు ఇంటికొక చేయి లెక్క. ఆ చేయి భర్తది. "ఇద్దరం ఎత్తితే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు కదే," అంటాడు ఆమె భర్త యోనా. ఆమె నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీ చేసి వచ్చేసరికి సింకులో అతని టీ కప్పు ఉంటుంది. "నీకెలాగూ కడగాల్సినవి ఉన్నాయిగా," అంటాడు.

ఈరోజు తేల్చేది జెమీమా సంగతి. కొట్టే మొగుణ్ణి వదిలి వేరే గది తీసుకుంది. తిరిగి వెళ్ళేదాకా సంఘం నుంచి వెలి వేయాలని పెద్దలంటున్నారు. నిన్న ఫోన్ చేసింది. "అక్కా, నాకు కట్టు కట్టింది నువ్వే కదా. ఆ ఒక్క మాట చెప్పక్కా. ఇక్కడ నాకు ఇంకెవరున్నారు?"

"మా ఆయన్ని అడుగుతానమ్మా," అంది దేవకుమారి. అడగలేదు. ఏమంటాడో తెలుసు. ఆ కట్టు కట్టిన రోజు కూడా, సర్దుకుపొమ్మని చెప్పి, జెమీమాని తనే కారులో తీసుకెళ్ళి ఆ మొగుడి ఇంటి ముందు దింపి వచ్చింది.

పొద్దున ఇస్త్రీ చేస్తుంటే కూతురు అబిగేయిల్ స్కూలు ప్రసంగం చదివి వినిపించింది. జానెట్ రాంకిన్ అని అమెరికా ఆవిడ. అక్కడి ఆడవాళ్ళందరికీ ఓటు రాకముందే వాళ్ళ పార్లమెంటు, కాంగ్రెస్‌కు ఎన్నికైంది. తర్వాతెప్పుడో జపాన్ మీద యుద్ధానికి సభంతా సరేనంటే, ఒక్కతే వద్దంది. జనం కోపంతో వెంటపడితే ఫోన్ బూత్‌లో దూరి తలుపేసుకుంది.

"భయపడిందా పాపం?"

"ప్రాబబ్లీ, మామ్. బట్ షీడ్ ఆల్రెడీ సెడ్ నో, లైక్."

ఆవిడ ముందు వద్దని చెప్పి, తర్వాత దాక్కుంది. తను చెప్పకుండానే వంటగదిలో దాక్కుంది.

"జెమీమాని వెలి వేద్దామనేవాళ్ళు చేతులెత్తండి," హాల్లో ఎవరో అన్నారు.

"మనకెందుకులే అక్కా. ఆ మసాలా ఇటియ్యి," అంది పక్కనున్న సత్యవాణి.

దేవకుమారి కత్తి పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది. యోనా చేయి పైనే ఉంది.

"ఏంటే, ఉప్పు చాల్లేదా?" అన్నాడు. నలుగురు నవ్వారు.

"ఆ చేయి మన ఇంటిది కాదు, మీ ఒక్కరిది. జెమీమాకు కట్టు కట్టింది నేను. మళ్ళీ ఆ కొట్టేవాడి గుమ్మంలో దింపి వచ్చిందీ నేనే. వెలి వేస్తే ముందు నన్ను వేయండి."