ఎడమచేతి ముడి

చిరిగిన వల అంచు కత్తిరించగానే రాలిన నైలాన్ ముక్కల్ని ముసలాయన మూడోసారి ఏరుతున్నాడు. గోరంత ముక్కైనా సరే, వదలడు. మోకాళ్ల మీద వంగి, సిమెంటు నేలంతా అరచేత్తో తడిమి, దొరికినదాన్ని నడుముకి కట్టుకున్న గుడ్డసంచిలో వేసుకుంటాడు. రేవు పక్క రేకుల షెడ్డులో వలలు బాగుచేసేవాళ్లు ఆరుగురు. మిగతా ఐదుగురూ ముక్కల్ని చీపురుతో నీళ్లలోకి తోసేసి చేతులు దులుపుకునే రకం. అందుకే వాళ్లు చీపురు అందుకునేలోపే ఆయన వాళ్ల ముందు కూడా వంగుతాడు.

"ఏం బావా, ముత్యాలేమైనా దొరికాయా?" అంది పక్కన కూర్చున్న మరదలు. ఆయన భార్యకి చెల్లెలు. ఇరవై ఏళ్లుగా ఆయన పక్కనే కూర్చుని వల అల్లుతోంది, ఇరవై ఏళ్లుగా ఇదే అడుగుతోంది.

"దొరికితే నీకు చెప్తానా!" అన్నాడు. ఇదీ ఇరవై ఏళ్ల జవాబే.

నిజం చెప్పొద్దూ, ఆయనలో విశేషమంటూ ఏమీ లేదు. పొట్టి మనిషి. ఎడమచేతివాటం. దారం ఒరుసుకుని వేళ్ల చివర్లు నున్నబడ్డాయి. ఏ పడవకీ యజమాని కాలేదు, ఏ తగువులోనూ పెద్దమనిషి కాలేదు. ఇంట్లో మంచం కింద ఈ ముక్కల బస్తాలే. ప్లాస్టిక్ కరిగించేవాళ్ల లారీ ఏడాదికోసారి వచ్చేదాకా అవి కదలవు. "ఎలుకలకి పరుపులు పరిచాడు మహానుభావుడు" అని భార్య సణుగుతుంది. బస్తాల మూతులు గట్టిగా బిగించి కట్టేది మాత్రం ఆవిడే.

ఈమధ్య చూపు మందగించింది. పచ్చ ముక్కలు కనబడతాయి, తెల్లవి కనబడవు. ఆయన బెంగంతా అదే. తను రావడం మానేస్తే వీటినెవరు ఏరతారు? అడగదగ్గ మనిషి ఒక్కతే ఉంది. ఆమె ముందేమో నోరు పెగలదు.

ఆ రోజు గాలి ఎక్కువ. జానెడు పచ్చదారం ఒకటి షెడ్డు దాటి రేవు మెట్ల మీదికి దొర్లింది. ముసలాయన లేచాడు. నాచు పట్టిన మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి దాన్ని పట్టుకునేసరికి మరదలికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"నీకేమైనా పిచ్చా? జారిపడితే అక్కకి నేనేం సమాధానం చెప్పను?" అంటూ రెక్క పట్టుకుని పైకి లాక్కొచ్చింది. "అసలేముంది ఇందులో? ఇవాళ చెప్పాల్సిందే."

ఆయన కాళ్లు తుడుచుకుని, ఆ పచ్చదారాన్ని సంచిలో వేసుకున్నాడు.

"నువ్విక్కడ చేరకముందు సంగతి. తాబేలొకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఇంత ఉంది. మెడకి వలముక్క చుట్టుకుని చచ్చిపోయింది. ఏ వెధవ పారేశాడోనని అందరికంటే ముందు నేనే తిట్టాను. తీరా విప్పుదామని కూర్చుంటే, ముడి తిరగేసి ఉంది."

"తిరగేసి అంటే?"

"మీరంతా కుడిచేత్తో వేస్తారు. ఈ రేవులో ఎడమచేత్తో ముడి వేసేవాణ్ణి నేనొక్కణ్ణే."

మరదలు పక్కనున్న వలలో తను వేసిన ముడిని ఒకసారి తడిమి చూసుకుంది.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"సిగ్గేసి. మీ అక్కకొక్కదానికే తెలుసు." ఇంకేదో అనబోయి ఆగాడు.

"ఏంటి?"

"ఏం లేదు. పద, భోంచేద్దాం."

తిన్నాక వలల కుప్పకి వీపు ఆనించి పది నిమిషాలు కునుకు తీయడం ఆయనకి అలవాటు. ఆ రోజు అరగంటైంది. "ఇక లే బావా, ఎంతసేపు!" అని మరదలు భుజం తట్టింది. మనిషి మెల్లగా పక్కకి ఒరిగాడు. ఆమె మళ్లీ పిలిచింది. మూడోసారి పిలిచేటప్పటికి ఏడుపు ఆగలేదు.

వారం తర్వాత, మేకుకి వేలాడుతున్న ఆయన క్యారియర్ సంచిని అక్కకి ఇద్దామని మరదలు దించింది. అడుగున కాగితం పొట్లం ఒకటి తగిలింది. ఎన్నాళ్లుగా మోసుకు తిరుగుతున్నాడో, మడతల దగ్గర కాగితం నలిగి చిరిగిపోయింది. విప్పితే, లోపల కొత్త గుడ్డసంచి. కుట్టు అక్కది. నాడా మరదలి నడుముకి సరిగ్గా సరిపోయింది, ముక్కలు వేసుకునే నోరు కుడిచేతికి అందేలా పెట్టి ఉంది.