సి డ్రైవ్‌కి కాపలా

మా మామయ్య పంపుల ఫ్యాక్టరీలో స్టోర్ కీపరుగా చేసి రిటైరయ్యారు. ఆయన హయాంలో సంతకం లేకుండా ఒక్క వాషరైనా గడప దాటలేదని చెప్పుకుంటారు. నేను నమ్ముతాను. ఇంట్లో ఇప్పటికీ కొత్త సబ్బు అడిగితే, ఇచ్చే ముందు "పాతదేమైంది?" అంటారు.

అలాంటి మనిషికి మావారు కంప్యూటరు అప్పజెప్పారు. ఇంటికి పెద్ద కదా అని అన్నీ మార్చే అధికారమున్న అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఆయన పేరున పెట్టి, నాకు మామూలు ఖాతా ఒకటి తెరిచి ఇచ్చారు. పొద్దున్నే మామయ్య కూర్చుంటారు, వంటయ్యాక నేను కూర్చుంటాను. ఆ కుర్చీలో ఉన్నంతసేపూ ఆయన వెన్ను నిటారుగా ఉంటుంది. లేచి వచ్చాక ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు ఇల్లంతా తిరుగుతారు. పోయిన నెల ప్రింటరుని "ఇదెవరిదో తెలీదు" అని కంప్యూటర్లోంచి తీసేసినప్పుడు మావారు గట్టిగానే చెప్పారు, ఇంకొక్కసారి ఏమైనా అయితే నాన్నని ఆ గదిలోకి రానివ్వనని. ఆయన అన్నంత పనీ చేసే మనిషి. అందుకే నాకు దిగులు.

నేను యూనిఫాంలకు కొలతల డ్రాయింగులు గీస్తాను. కాలరు, చేతులు, జేబు, అన్ని సైజుల్లోనూ గీసి పంపితే కటింగ్ యూనిట్ వాళ్ళు దాని ప్రకారం గుడ్డ కోస్తారు. ఇన్నాళ్ళూ ఇంకొకరి కింద చేశాను. నా సొంత పేరు మీద మొదటిసారి ఒక ఆర్డరు వచ్చింది, నర్సుల యూనిఫాంలు. గడువు రోజు సాయంత్రం షిఫ్టు ఎక్కేలోపు ఫైలు కటింగ్ యూనిట్‌కు చేరాలి. ఇంకా రెండు చేతులు, ఒక జేబు మిగిలాయి.

ఆ రోజు కూర్చుని డ్రాయింగ్ ప్రోగ్రాము మీద నొక్కగానే యాక్సెస్ డినైడ్ అంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. పని నాది, ఆర్డరు నాది, అనుమతి మాత్రం లేదట! పెళ్ళయిన కొత్తలో అత్తయ్య కూడా నన్ను వంటింట్లోకి రావద్దని అనలేదు.

వెనక్కి తిరిగి చూస్తే మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. ముఖం నిండా తృప్తి.

"మామయ్యా, దీన్నేమైనా చేశారా?"

"చేశానమ్మాయ్. నిన్న కూర్చుని మొత్తం సర్దేశాను. సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ అన్న ఫోల్డరుకి ఎవరెవరి దగ్గర తాళాలున్నాయో పేర్లుంటాయి, చూశావా? చూసి హడలిపోయాననుకో. అందులో ఒక్కడంటే ఒక్కడు మనకు తెలిసినవాడు లేడు!"

"తీసేశారా?"

"తియ్యనా మరి? మొదటివాడు సిస్టమ్. ఎవడి తాలూకో తెలీదు, వాడికేమో ఫుల్ కంట్రోల్. తీసేశాను. తర్వాత యూజర్స్. ఎవరీ యూజర్స్? ఎంతమంది? అంతమందికి తాళాలెవరిస్తారు? తీసేశాను. ఇంకొకడు ట్రస్టెడ్ ఇన్‌స్టాలరట. నమ్మకస్తుణ్ణని తనకి తనే పేరు పెట్టుకున్నవాణ్ణి నా సర్వీసులో ఎప్పుడూ నమ్మలేదు. పైగా ఓనరు వాడేనట! కదపబోతే కుదరదంది. ఏదో వీడియో చూసి ముందు ఓనరుగా నా పేరు పెట్టుకుని, అప్పుడు సాగనంపాను."

"మరి నేను, మామయ్యా?"

"నీ పేరక్కడ లేదుగా! ఉంటే తీస్తానా?"

"ఆ యూజర్స్‌లో ఉన్నది నేనే."

ఆయన ముఖంలో తృప్తి అంతా ఒక్కసారిగా దిగిపోయింది. కంచే చేను మేసింది అంటారు. మా కంచె మేయలేదు, పాపం. చేను దున్నేవాళ్ళని కూడా లోపలికి రానివ్వనంత చిక్కగా అల్లుకుంది.

"నీ డ్రాయింగులు ఎవడూ ఎత్తుకుపోకూడదనే..." అన్నారు మెల్లగా.

ఇంక ఏం తిడతాను? ఆయన ఖాతాలోంచి తెరిచి చూశాం. ప్రోగ్రాము తెరుచుకుంది, కానీ లైసెన్సు కనబడలేదంటూ మొండికేసింది. మావారికి ఫోన్ చెయ్యబోతే మామయ్య నా చేతిలోని ఫోన్ వంక చూశారు. ఫోన్ పక్కన పెట్టి, పక్క వీధిలో కంప్యూటర్లు బాగుచేసే ఆవిడకి కబురు చేశాను. ఏ కంప్యూటరు తెచ్చినా ముందు చెయ్యి ఆనించి వేడి చూస్తుందని అందరూ ఆవిడని డాక్టరమ్మ అంటారు.

డాక్టరమ్మ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. జరిగింది విని నవ్వాపుకోలేక చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"బాబాయ్ గారూ, సిస్టమంటే బయటివాడు కాదండీ. ఈ కంప్యూటరే. లైసెన్సు చూసే పని కూడా ఆ పేరు మీదే నడుస్తుంది. మీరు ఇంటికి తాళం వేసి, ఇంటినే బయట నిలబెట్టారు."

"చెప్పుకుంటే సిగ్గుచేటు," అంది అత్తయ్య వంటింట్లోంచి. "మా పెళ్ళిలో కూడా ఈ మనిషి అంతే. విడిదింటికి వచ్చినవాళ్ళని మీరు ఎవరి తరఫు అని అడుగుతూ నిలబడ్డాడు. మా నాన్నని కూడా అడిగాడు."

డాక్టరమ్మ తన ల్యాప్‌టాప్‌లో అదే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరు తెరిచి పక్కన పెట్టుకుంది. అందులో ఉన్న పేర్లు చూసి, ఎవరికెంత అనుమతో అంతే ఇస్తూ, మా దాంట్లో ఒక్కొక్కటే తిరిగి చేర్చింది. సిస్టమ్ వచ్చాడు. యూజర్స్ వచ్చారు. మామయ్య పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఈ ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ పనేమిటమ్మా అసలు?" అని అడిగారు.

"వచ్చిన సరుకు దించుకోవడం, ఎక్కడిదక్కడ పెట్టడం, ఇంకెవరినీ ముట్టుకోనివ్వకపోవడం. అడ్మినిస్ట్రేటర్ వచ్చినా సరే, అంత తేలిగ్గా లొంగడు."

మామయ్య కట్టుకున్న చేతులు విడదీశారు.

"అంటే స్టోర్ కీపరు," అన్నారు.

"అచ్చంగా."

"అయ్యో. ఏ తప్పూ లేకుండా పంపించేశానే!"

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఒక్కటే మిగిలింది. ఓనరు దగ్గర ఇంకా మీ పేరే ఉంది. దాన్ని మళ్ళీ ఆ ఇన్‌స్టాలర్ పేరున పెట్టాలి. పేరు టైపు చేసి ఉంచాను, ఓకే మీరు నొక్కండి."

మామయ్య కూర్చుని మౌసు పట్టుకున్నారు. నొక్కలేదు. షిఫ్టు టైము దగ్గరపడుతోందని చెప్పబోయి ఆగిపోయాను.

"ఛార్జి అప్పజెప్పేటప్పుడు తీసుకునేవాడు ఎదురుగా ఉండాలమ్మాయ్," అన్నారు తెర వంకే చూస్తూ. "ఒక్కొక్క వస్తువూ చూపించాలి. ఇవిగో బేరింగులు, ఇవిగో వాల్వులు అని. వాడు చూసుకుని తీసుకున్నానని అనాలి. నాకెవరూ రాలేదు. నేను దిగిపోయిన వారమే స్టోరు ఎత్తేశారు, సరుకంతా తూకానికి అమ్మేశారు. తాళాలు ఎవరికివ్వను అంటే, అక్కడ బల్ల మీద పడేసి వెళ్ళమన్నారు. పడేసి వచ్చాను."

అత్తయ్య చేతిలో గరిటెతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఈ సంగతి ఆవిడకీ ఇప్పుడే తెలిసిందని ముఖం చూస్తే అర్థమైంది.

స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను.

"చూపించండి మామయ్యా."

"నీకు టైమవుతోంది."

"ముందు మీరు చూపించండి."

ఆయన ప్రోగ్రామ్ ఫైల్స్ తెరిచి, కళ్ళద్దాలు సవరించుకుని, ఒక్కొక్క ఫోల్డరు మీద వేలు పెట్టి పేరు చదివారు. ప్రతిదానికీ నేను "ఉంది" అన్నాను. కొన్ని పేర్లు ఇద్దరికీ నోరు తిరగలేదు. డాక్టరమ్మ అందించింది. చివర్లో నా డ్రాయింగుల ప్రోగ్రాము వచ్చింది.

"ఇది నీది," అన్నారు.

"ఉంది మామయ్యా."

"అన్నీ సరిపోయాయా?"

"సరిపోయాయి. తీసుకున్నాను."

మామయ్య ఓకే నొక్కారు. కుర్చీలో వెనక్కి వాలి, చాలా రోజుల తర్వాత నిండుగా ఊపిరి తీసుకున్నారు. కంప్యూటరు ఒకసారి ఆపి మళ్ళీ పెట్టాం. నా ఖాతాలో ప్రోగ్రాము తెరుచుకుంది. రెండు చేతులూ, జేబూ ఎలా గీశానో నాకే తెలీదు. షిఫ్టు మొదలవుతుండగా ఫైలు చేరిందని కటింగ్ యూనిట్ నుంచి జవాబు వచ్చింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అత్తయ్య డాక్టరమ్మకి టీ ఇచ్చి, "ఈ సంగతి మా అబ్బాయి చెవిన పడిందో, ఊరుకోను" అని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది.

పొద్దుపోకముందే మావారు ఇంటికొచ్చారు. చెప్పులు విప్పుతూ లోపలి గదిలోకి తొంగి చూశారు. మామయ్య గురక వీధి గుమ్మం దాకా వినబడుతోంది.

"నాన్న ఎప్పుడూ ఈ వేళప్పుడు పడుకోరే," అన్నారు కంగారుగా. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నారు," అన్నాను. "ఇవాళ రిటైరయ్యారు."